ఒంటికాలి గజ్జె

సింధుజ సంచి సర్దే పని నా మీద పడింది. మూడు జతల బట్టలు చాలని కోడలు కరుణ చెప్పింది. నేను ఆరు జతలు పెట్టి, వాటి మీద గొంగడి పెట్టి, గొంగడి మీద సకినాల డబ్బా పెట్టాను. జిప్పు పట్టలేదు. సంచి మీద ఎక్కి కూర్చున్నాను.

"ఎండకాలంల గొంగడేందే?" అన్నాడు మా ఆయన అంజిలయ్య, గడపలో నిలబడి.

"వికారాబాద్‌ల సల్లగుంటదట. అనంతగిరి గుట్టలున్నయి గద."

"గుట్టల మీద పంటదా? బడి హాస్టల్ల ఫ్యాను కింద పంటది. నువ్వేమో కాశీకి తోలుతున్నట్టు జేస్తున్నవ్."

మాది తాండూరు శివారు. కొడుకు నవీన్‌కుమార్ కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మా ఆయనకు గొర్రెల మంద ఉంది. మనవరాలు సింధుజకు పదేళ్లు. అది నడవదు, చిందులేస్తుంది. గొర్రెలకు కుడితి పట్టుకుపొమ్మంటే సగం కుడితి నేలకూ, సగం తన గౌనుకూ పోసి, ఖాళీ బకెట్‌తో చేరుతుంది. బడిలో టీచరమ్మ అది చూసి, ఈ పిల్లను వేసవి క్యాంపులో వేయండి, ఆటా పాటా నాటకమూ నేర్పిస్తారు అంది.

ఇంట్లోకి రెండు కరపత్రాలు వచ్చాయి. బెల్లం చుట్టిన కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఏదైనా రెండుసార్లు చదివితే గానీ నమ్మను. మొదటిది తాండూరు క్యాంపు. పొద్దున పోయి మధ్యాహ్నానికి రావచ్చు. రెండుసార్లు చదివాను, బాగుంది. రెండోది వికారాబాద్. పదిహేను రోజులు, అక్కడే వసతి. ఆ 'వసతి' దగ్గరే ఆగిపోయాను. మిగతాది చదవలేదు.

"రైలెక్కితే గంట గూడ వట్టది," అన్నాడు మా ఆయన.

"వచ్చేటోళ్లకు గంటనే. రానోళ్లకు ఎంత దూరమైతదో నువ్వు జెప్పు."

మా అన్న సంగతి ఆయనకు తెలుసు. మా చిన్నప్పుడు ఊరికి వచ్చిన భాగోతుల మేళం వెంట, వేషం కడతానని అన్న వెళ్లాడు. మా అమ్మ అతని వస్తువులన్నీ సంచిలో పెట్టి పంపింది. ఇంట్లో ఒక్కటీ ఉంచుకోలేదు.

అందుకని సింధుజను నేనే తాండూరు క్యాంపుకు తీసుకుపోయాను, చూసి ఇష్టపడుతుందని. ఫంక్షన్ హాలు మేడ మీద ఒకే ఒక మాస్టరు, మెడలో ఈల. ఒక ఈల వేస్తే డాన్సు, రెండు వేస్తే నాటకం, మూడు వేస్తే కరాటే. మేము వెళ్లిన రోజు ఆయనకు జలుబు. రెండో ఈల గట్టిగా పలికింది, మూడోది తుస్సుమంది. సగం మందికి వినపడింది, సగం మందికి లేదు. సింహాసనం మీద కూర్చున్న రాజుగారిని మంత్రి కరాటే తన్ను తన్నాడు. రాజు కిందపడి ఏడ్చాడు. ఆ హాలులో నిజంగా పండిన నటన అదొక్కటే.

"ఎంత మంచిగ నేర్పుతుండు బిడ్డా!" అన్నాను.

సింధుజ నన్ను కింద నుంచి పైకి చూసింది. "మంచిగుంటే నువ్వు జేరు అవ్వా. కరాటే నీకే పనికొస్తది, తాతతోని."

ఆ రాత్రి అన్నాల దగ్గర నలుగురూ వికారాబాదే అన్నారు. నేనొక్కదాన్నే తాండూరు అన్నాను. ఓడిపోయాను.

ఓడిపోయినా నా ఉపాయం నాకుంది. మా ఇళ్లలో గొర్రెను అమ్మినా దాని మెడతాడు మాత్రం కొన్నవాడికి ఇవ్వం. తాడు ఇంటి దూలానికి ఉంటే మందకు కరువు రాదని, పోయింది ఏదో రూపంలో తిరిగి వస్తుందని పెద్దల నమ్మకం. పిల్లకు తాడెక్కడిది? సంచిలో పిల్ల ఆటకని పెట్టుకున్న గజ్జెల జత కనిపించింది. ఒక కాలి గజ్జె సంచిలోనే ఉంచి, రెండోది తీసి కందుల డబ్బాలో అడుగున దాచాను.

తెల్లవారి సింధుజ సంచి తెరిచి చూసుకుంది. ఏడుస్తుంది, గజ్జె లేకుండా పోనంటుంది అనుకున్నాను. అది మాత్రం లేచి దొడ్లోకి పోయి, తాత చెవిలో ఏదో చెప్పి, నవ్వుకుంటూ వచ్చింది.

"పోయొస్త అవ్వా!"

నవ్వుకుంటూ పోవడమే నాకు నచ్చలేదు.

మర్నాడు బండల పాలిష్ మిషన్ నడిపే అతీఖ్ మా ఇంటి ముందు బైకు ఆపాడు. మోకాళ్ల దాకా తెల్లటి బురద.

"అంజిలయ్య చాచా! జర బయటికి రా. నీ గొర్రెలకు మస్తు పాలిష్ అయింది. ఇగ బండలకు బదులు గవే పరుచుకోవచ్చు."

పరుగెత్తుకుంటూ పోయాం. మా మందకు పెద్ద ఒక పొట్టేలు. పేరు సర్పంచ్. పనేమీ చేయడు, ముందు నడుస్తాడు, అందరూ వెంట పోతారు. మరి ఆ రోజు సర్పంచ్ ఒకవైపు పోతే మంద ఇంకొకవైపు పోయింది. అతీఖ్ దగ్గర బండలెత్తే గొలుసు గణగణమంటుంటే, అదే సర్పంచ్ అనుకుని మంద మొత్తం వెళ్లి రాతిపిండి నీళ్ల గుంతలో దిగింది. నల్ల గొర్రె ఏదో తెల్ల గొర్రె ఏదో తెలియడం లేదు. అన్నీ సున్నం వేసిన గోడల్లా నిలబడి నన్నే చూస్తున్నాయి.

"సర్పంచ్ మెడల గంటేదయ్యా?" అన్నాను.

మా ఆయన గొర్రెలను లెక్కపెడుతున్నట్టు నటించాడు.

"నిన్నే. గంటేది?"

"బిడ్డ కాలికి గట్టుకుంటనని దీస్కపోయింది."

"పొట్టేలు గంట పిల్ల కాలికా!"

"మరేం గట్టుకుంటది? రెండో గజ్జె నువ్వు కందుల డబ్బాల వెడితివి. నిన్న పొద్దున పప్పుకు కందులు దీస్తుంటే కరుణ చేతికే తగిలింది. ఇంట్ల అందరికి ఎరుకే, నీకొక్కదానికే దాపరికం."

అతీఖ్ నవ్వాపుకోవడానికి బైకు తుడవడం మొదలుపెట్టాడు.

ఆ అవమానంలోంచే నాకు రెండో ఉపాయం తట్టింది. గంట లేకపోతే మంద ఆగదు కదా? వికారాబాద్ పోయి గంట తేవాలి. గంటతో పాటు, పిల్లకు బెంగగా ఉందని చెప్పి పిల్లనూ తేవాలి. గజ్జెను కొంగున ముడేసుకుని, మా ఆయనను వెంటబెట్టుకుని రైలెక్కాను.

బడి హాలులో పిల్లలు సాధన చేస్తున్నారు. నేర్పేది మల్లేశ్వర్ సారు. ప్రతి మాటకూ చప్పట్లు కొడతాడు. నేను దగ్గినా కొట్టాడు.

వేదిక మీద సింధుజ. తల మీద నేను పెట్టిన గొంగడి. ఒక కాలికి గజ్జె, ఒక కాలికి సర్పంచ్ గంట. ఒక అడుగు ఘల్లుమంటోంది, ఒక అడుగు గణమంటోంది. ఆ గంట ఎటు పోతే అటు, హాలులో పిల్లలందరూ మోకాళ్ల మీద మ్యా మ్యా అంటూ పోతున్నారు.

"మైసమ్మ గారంటే మీరేనా? గొర్రెలను మీలా ఎవరూ పిలవలేరని చెప్పిందమ్మా మీ మనవరాలు. ఒక్కసారి పిలవండి!" అని చప్పట్లు కొట్టాడు సారు.

"పిల్లకు బెంగ..." అని మొదలుపెట్టాను. పిల్లలందరూ అరచేతుల మీద లేచి నా వైపే చూస్తున్నారు. ఏం చేయను? "హుర్ర్ర్... దా దా దా!" అన్నాను.

అంతే. మంద మొత్తం వచ్చి మీద పడింది. ఒకడు నా కొంగు నమిలాడు. ఒకతె నా ఒళ్లో తల పెట్టింది. మా ఆయన గోడకు ఆనుకుని నవ్వలేక కూర్చుండిపోయాడు. బెంగ సంగతి ఆ గోలలో ఎక్కడ పోయిందో.

సింధుజ వచ్చి నా పక్కన కూర్చుంది. నేను కొంగు ముడి విప్పి గజ్జె తీశాను.

"ఇంద బిడ్డా. కట్టుకో. గంట ఇయ్యి, పొట్టేలుకు గావాలె."

"వద్దవ్వా. గజ్జె నీ తాననే ఉండనియ్యి. అది ఇంట్ల ఉంటేనే గద నేను తిరిగొచ్చేది. మెడతాడు లెక్క."

గజ్జెను మళ్లీ కొంగున ముడేసుకున్నాను.

"మరి గంట?"

"గంట సారు తాన పెట్టిపోత. అది ఈడుంటేనే గద వచ్చే యేడు నేను మల్లొచ్చేది!"

సారు చప్పట్లు కొట్టాడు. మా ఆయన కూడా కొట్టాడు. ఆయనను ఇంటికి పోయాక చూసుకుందామనుకున్నాను.

తిరుగు రైలులో ఆయన అడిగాడు. "పిల్లను దెస్తనంటివి. గంట దెస్తనంటివి. ఏవే?"

"నువ్వు జర ఊకో."

తెల్లవారి ఆ గజ్జెను సర్పంచ్ మెడకు కట్టాను. వాడు రెండు అడుగులు వేసి, ఘల్లుమన్న చప్పుడుకు తానే ఆగి, మళ్లీ ఠీవిగా నడిచాడు. మంద వెంట నడిచింది. ఇప్పుడు మా గొర్రెలు మేతకు పోతుంటే పెళ్లి ఊరేగింపు పోతున్నట్టుంటుంది. అతీఖ్ రోజూ బైకు ఆపి చూసి పోతాడు.

క్యాంపు ముగిసిన ఆదివారం సాయంత్రం రైలుకు సింధుజ ఇంటికి వచ్చింది. సంచిలో ఆరు జతల బట్టలూ ఉన్నాయి, సకినాలు లేవు.

భాగోతుల మేళం వెంట పోయిన మా అన్న చెన్నయ్య పందొమ్మిది వందల డెబ్బై నాలుగు వేసవిలో వెళ్లాడు. తిరిగి రాలేదు.