తాబేలు పేరిట లైసెన్సు

ఒక పెద్ద అడవిలో పొద్దు వాలేసరికి సగం జంతువులకు దాహం వేసేది. వాగులో నీళ్ళకు కొదవ లేదు, కానీ ఆ దాహం నీళ్ళతో తీరేది కాదు. దానికి ఇప్పసారా కావాలి.

సారా ఎక్కడపడితే అక్కడ దొరికితే అడవి పాడైపోతుందని, అడవి సభ వారు కొన్ని హోటళ్ళకు మాత్రం లైసెన్సులు ఇచ్చారు. లైసెన్సు ఉన్నవాడు పొయ్యొచ్చు. లేనివాడు పోస్తే సభ బంట్రోతులు వచ్చి పొయ్యి పీకేసి పోతారు.

వాగు వంపులో బొంతయ్య అనే ఎలుగుబంటి కొత్తగా హోటలు పెట్టాడు. చూడ్డానికి భయంకరంగా ఉంటాడు గానీ ఉత్త మెత్తనివాడు. వంటంటే ప్రాణం. అతను ఎర్రచీమల పచ్చడి నూరితే వాగు అవతలున్న కోతులకు నోట్లో నీళ్ళూరేవి. లేత వెదురు కొమ్ముల కూర వండితే ఆ వాసనకు నెమళ్ళు దారి తప్పేవి. పొయ్యి దగ్గర భార్య పైడమ్మ, వడ్డన దగ్గర బొంతయ్య. ఇంతా చేసి ఏం లాభం? సాయంత్రమయ్యేసరికి ఈగలు తోలుకుంటూ కూర్చుందామన్నా ఈగలు ఉండేవి కావు. అవి కూడా దండాసి హోటలుకే పోయేవి.

దండాసి అనేవాడు దుమ్ములగొండి. అతని హోటల్లో వంట అనే పని జరగదు. ఎవరో ఎప్పుడో తిని వదిలేసిన ఎముకల్ని ఉడకబెట్టి, చల్లారాక మళ్ళీ ఉడకబెట్టి, దానికి పులుసని పేరు పెట్టి వడ్డిస్తాడు. అయితే అతనికి లైసెన్సు ఉంది. మొదటి దొప్పెడు సారా గొంతు దిగాక, ఇది పులుసా బురదా అని అడిగే నాథుడు ఉండడు.

బొంతయ్య కూడా లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నాడు. వస్తే హోటలు నిలబడుతుంది. రాకపోతే వానలు పడేలోపు మూసేసి, మళ్ళీ చెదపుట్టలు తవ్వుకుని బతకాలి. పాపం, అతనికి నిద్రలో కూడా లైసెన్సే కలలోకి వచ్చేది.

సరిగ్గా అప్పుడే గుమ్మడయ్య అనే ఏనుగు కొంప ముంచాడు. దండాసి దగ్గర కడవలకు కడవలు ఖాళీ చేసి, ఇంటికి పోతున్నాననుకుంటూ తిన్నగా అడవి సభలోకి నడిచి, అధ్యక్షుల వారి బండ మీద కూర్చుని నిద్రపోయాడు. అధ్యక్షుడు భూపతి అడవిదున్న. ఆయన ఆ రోజు బురదలో పొర్లుతూ వేళ సంగతి మరిచిపోయాడు. సభ్యులకు తలెత్తి చూసే అలవాటు లేదు కాబట్టి, బండ మీదున్నది అధ్యక్షుల వారేననుకుని తీర్మానాలు చదివేశారు. ఏనుగు గురక పెట్టినప్పుడల్లా ఆమోదం అనుకున్నారు. సభ ఇంత సాఫీగా ఎన్నడూ జరగలేదని మెచ్చుకుంటూ ఇళ్ళకు పోయారు.

సంగతి తెలిశాక భూపతికి తల కొట్టేసినట్టయింది. తను లేకపోయినా సభ నడుస్తుందని, పైగా బాగా నడుస్తుందని అడవికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అందుకని తప్పు ఏనుగుది కాదు, సభ్యులది అంతకన్నా కాదు, మొత్తం సారాదేనని తేల్చేశాడు.

మర్నాడే చట్టం వచ్చింది. ఇకమీదట కొత్త హోటళ్ళకు సారా లైసెన్సు లేదు. పాతవి పాతవే ఉంటాయి. ఎవరైనా లైసెన్సుదారుడు పోతే, ఆ ఖాళీలో మాత్రం ఇంకొకరికి ఇస్తారు. ఒకరి లైసెన్సు మీద మరొకరు వ్యాపారం చెయ్యకుండా, ప్రతి దొప్పా లైసెన్సుదారుడే స్వయంగా తన చేత్తో నింపి, తన చేత్తోనే అందించాలి. ఈ చివరి షరతు లైసెన్సుల అధికారిణి వరహాలమ్మ గారి చలవ. ఆవిడ ఉడుము. ఒక మాట పట్టుకుందంటే సభ మొత్తం లాగినా వదలదు.

చట్టం చదువుతుంటే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు దండాసి. కొత్త హోటళ్ళకు లేదు అన్న మాట దగ్గర మొదలుపెట్టి, చివరి షరతు చదివి ముగించేదాకా కొడుతూనే ఉన్నాడు. మధ్యలో కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

బొంతయ్య ఆఘమేఘాల మీద వరహాలమ్మ గారి ఆఫీసుకు, అంటే ఆవిడ కాపురముండే పుట్టకు, పరిగెత్తాడు.

"అమ్మా, చట్టం రాకముందే నేను అర్జీ ఇచ్చానండి," అన్నాడు.

"ముందే ఇచ్చారు. అందుకే చట్టం వచ్చేదాకా ఆపి ఉంచాం," అంది ఆవిడ శాంతంగా.

"మరిప్పుడు నన్నేం చెయ్యమంటారండి?"

"ఎదురుచూడండి. ఎవరో ఒకరు పోతారు."

"ఎవరు పోతారండి?"

"అది మా శాఖ పరిధిలోకి రాదు."

బొంతయ్య తిరిగి వచ్చేశాడు. ఇంకొకరి చావు కోరుకోవడం అతని వల్ల అయ్యే పని కాదు. కొత్త హోటళ్ళవాళ్ళు మిగతావాళ్ళకు అంత మొహమాటం లేదు. వాళ్ళకు ఉన్నట్టుండి పాత లైసెన్సుదారుల ఆరోగ్యం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది.

ఓ రోజు దండాసికి జలుబు చేసి ఒక్క తుమ్ము తుమ్మాడు. మధ్యాహ్నానికల్లా వాకిట్లో పరామర్శకు బారులు తీరారు. గుండెల్లో ఏమైనా పట్టేసినట్టుందా బాబాయ్ అని ముళ్ళపంది ఆశగా అడిగింది. జంగుపిల్లి ముందుచూపుతో పూలదండ తెచ్చుకుంది. బొంతయ్య మాత్రం మిరియాల కషాయం కాచి తీసుకెళ్ళాడు. అది నిజంగా జలుబు తగ్గడానికే. దండాసి దాన్ని అనుమానంగా చూసి పక్కనున్న తీగ మొదట్లో పోశాడు. ఆ తీగ ఎప్పుడో ఎండాకాలంలోనే ఎండిపోయింది. ఆ ముక్క గుర్తులేని దండాసి, ఎండిన తీగను చూసి నిలువునా వణికిపోయాడు.

ఆ వణుకులోనే అతనికి ఆలోచన తట్టింది. తను పోతే కదా లైసెన్సు పోయేది. అసలు పోనివాడి పేరు మీద పెడితే?

మడుగులో నిదానం తాత అనే తాబేలు ఉండేవాడు. ఆయన వయసెంతో ఆయనకే తెలియదు. భూపతిగారి ముత్తాత బారసాలకు వెళ్ళానని, అక్కడ భోజనాలు ఆలస్యమయ్యాయని ఇప్పటికీ సణుగుతుంటాడు. దండాసి ఆయనకు రోజూ తామరదుంపలు పెడతానని ఆశపెట్టి, లైసెన్సు ఆయన పేరు మీదికి మార్పించాడు. వరహాలమ్మ గారు సంతోషంగా మార్చింది. తాబేలు పోడు కాబట్టి ఖాళీ రాదు, ఖాళీ రాకపోతే అర్జీలు చూసే పని ఉండదు. అది చూసి మిగతా లైసెన్సుదారులు కూడా తలా ఒక తాబేలును వెతికి తెచ్చుకున్నారు.

ఆ కబురు విని బొంతయ్య రోలు పక్కన చతికిలబడ్డాడు. ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

"తాబేలు ఎప్పటికి పోవాలే పైడీ, నా అర్జీ ఎప్పటికి కదలాలే?" అన్నాడు.

"ఊరుకో మావా. ఆ ముసలాయన్నేటనకు, మంచోడు," అంది పైడమ్మ. "పచ్చడి నూరేసున్నాది. ఎవరూ రాపోతే మనవే తిందారి. మూసేసే సంగతి రేపు చూద్దారి."

ఇద్దరూ కూర్చుని వచ్చే వారానికి సరిపడా పచ్చడి తినేశారు. దుఃఖంలో కూడా అది బాగానే ఉంది.

ఇక దండాసి హోటల్లో ఏం జరిగిందో చూడండి. ఆ సాయంత్రం గుమ్మడయ్య వచ్చి కూర్చుని సారా అడిగాడు. దండాసి కడవ మీద చెయ్యి వేశాడో లేదో, దూలం మీంచి వరహాలమ్మ గారి గొంతు వినిపించింది. "అది లైసెన్సుదారుడి చెయ్యి కాదు."

కాగల కార్యం చట్టమే తీర్చేసింది. నిదానం తాతే దొప్ప నింపుకుని బయలుదేరాడు. కడవకూ ఏనుగుకూ మధ్య దూరం ఏమంత లేదు, గుమ్మడయ్య తొండం చాస్తే అందుతుంది. కానీ చాచడానికి వీల్లేదు, లైసెన్సుదారుడే అందించాలి. తాత ఒక కాలు ముందుకు వేసి, ఆలోచించి, రెండో కాలు వేశాడు. సగం దారిలో ఎవరో గట్టిగా దగ్గారు. తాత తల లోపలికి లాక్కున్నాడు. కాళ్ళు కూడా లాక్కున్నాడు. దొప్ప కాస్తా బోర్లాపడింది. చాలాసేపటికి తల బయటపెట్టి, ఎక్కడున్నానో చూసుకుని, మళ్ళీ కడవ వైపు తిరిగాడు.

కూర్చుని కూర్చుని అందరికీ ఆకలేసింది. పులుసు తెప్పించుకున్నారు. ఏళ్ళ తరబడి తింటున్న పులుసే గానీ, మత్తు లేకుండా తినడం అదే మొదలు. ఒక్కొక్కరే పులుసులోకి తొంగి చూశారు.

"దండాసీ, ఇందులో ఎముకలున్నాయేంటయ్యా?" అన్నాడు గుమ్మడయ్య.

"ఎప్పుడూ ఉండేవే కదా."

గుమ్మడయ్య చాలాసేపు ఆలోచించాడు. "నేను ఏనుగుని కదా," అన్నాడు చివరికి. "నేను గడ్డి తింటాను కదా."

అతను లేచి బయటికొచ్చాడు. గాలి వాగు వంపు నుంచి వీస్తోంది. ఆ గాలిలో వెదురు కొమ్ముల కూర వాసన ఉంది. ఆ పూట బొంతయ్య హోటల్లో గుమ్మడయ్య తిన్న తిండికి పైడమ్మ మూడుసార్లు ఎసరు పెట్టాల్సి వచ్చింది. మర్నాడు అతని వెనకాల దుప్పులు, కుందేళ్ళు, కణుజులు వచ్చారు. ఆ మర్నాడు కూర్చోవడానికి చోటు లేదు. బొంతయ్య వడ్డిస్తూ వడ్డిస్తూ ఆనందం పట్టలేక ఒక మూలకెళ్ళి కాసేపు గంతులేసి వచ్చేవాడు. హోటలు మూసేసే సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే కడుపు నిండి, బుర్ర తేటగా ఉండి, ఇంకా వెలుగు మిగిలి ఉంటే జంతువులు ఏం చేస్తాయి? హోటలుకు ఎదురుగానే అడవి సభ ఉంది. భోంచేసి, పళ్ళు కుట్టుకుంటూ వెళ్ళి సభలో కూర్చోవడం మొదలుపెట్టారు. అదివరకు ఆ వేళకు అందరూ ఎక్కడో ఒకచోట పడి ఉండేవారు కాబట్టి, సభకు చూసేవాళ్ళుంటారన్న సంగతే సభ్యులకు తెలియదు.

వాగు మీద వంతెన ఎంత దివ్యంగా ఉందో భూపతి వర్ణిస్తుండగా గుమ్మడయ్య లేచాడు.

"అధ్యక్షా, నేను రోజూ ఆ వాగు దాటుతానండి. నాకెప్పుడూ వంతెన తగల్లేదు. ఇన్నాళ్ళూ తాగి ఉండటం వల్ల కనపడలేదనుకున్నాను. ఈ వారమంతా తాగలేదండి. ఇప్పుడూ కనపడలేదు."

సభలో గుసగుసలు మొదలయ్యాయి. తమకు కూడా కనపడలేదని, పైకి చెబితే తాగుబోతులంటారని ఊరుకున్నామని ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఉత్తరం వైపు బీడులో పచ్చిక రాత్రికి రాత్రి ఎవరు మేస్తున్నారని ఓ ముసలి దుప్పి అడిగింది. భూపతి నెమరు వేస్తున్నవాడల్లా టక్కున ఆపాడు.

ఆ సాయంత్రమే తలుపులు మూసుకుని అత్యవసర సభ పెట్టారు. సారాను అరికట్టడం ప్రజల స్వేచ్ఛకు గొడ్డలిపెట్టని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. పరిమితి ఎత్తేశారు. అంతటితో ఆగక, ప్రతి హోటలూ సారా పోసి తీరాలని, పొయ్యని హోటలు పొయ్యి పీకించాలని కూడా తీర్మానించారు.

పొద్దున్నే డప్పులతో ఊరేగింపుగా వచ్చి భూపతి స్వయంగా బొంతయ్య చేతిలో లైసెన్సు పెట్టబోయాడు.

"ఇప్పుడెందుకండి?" అన్నాడు బొంతయ్య చేతులు వెనక్కి పెట్టుకుని. "హోటలు బాగానే నడుస్తున్నాదండి, ఆయ్."

"అందుకే ఇస్తున్నాం," అన్నాడు భూపతి. "రేపు సాయంత్రం తనిఖీకి వస్తాం. సారా పొయ్యకపోతే పొయ్యి ఉండదు."

బొంతయ్య ఇరుకున పడ్డాడు. సారా పోస్తే ఎవరికీ తన వంట రుచి తెలియదు, మళ్ళీ బురద పోసినా తినేస్తారు. పొయ్యకపోతే పొయ్యే ఉండదు. అతను పైడమ్మ వైపు చూశాడు. పైడమ్మ మూలన కూర్చుని పచ్చడి నంజుకుంటున్న నిదానం తాత వైపు చూసింది. పరిమితి పోయిందని రాత్రే తెలుసుకున్న దండాసి ఆయన్ని గెంటేసి, తన పేరు మీద కొత్త లైసెన్సు తీసుకున్నాడు. తెల్లారేసరికి తాత ఇక్కడికి చేరాడు.

బొంతయ్యకు అర్థమైంది. "తీసుకుంటానండి. పేరు మాత్రం తాత పేరు రాయండి."

వరహాలమ్మ గారు చట్టం అంతా నెమరువేసుకుంది. సభ వారు కంగారులో పరిమితి ఒక్కటే ఎత్తేశారు. చివరి షరతు అలాగే ఉంది. ఆవిడ పెట్టిన షరతు ఆవిడే ఎలా వదులుతుంది? తాత పేరు రాసి ఇచ్చేసింది.

మర్నాడు తనిఖీకి వచ్చేసరికి హోటలు కిటకిటలాడుతోంది. దండాసి తన దగ్గర కడవలు నిండుగా ఉన్నా, ఆ పులుసుతో తాగడానికి ఎవరూ రాక, తనూ ఇక్కడికే వచ్చి ఓ వార కూర్చుని లొట్టలేస్తున్నాడు.

"సారా పోస్తున్నారా?" అని భూపతి గద్దించాడు.

"పోస్తున్నావండి, ఆయ్. తమరిక్కూడా చెప్పేశాను. అదిగో, బయల్దేరాడు."

వరహాలమ్మ గారు వంగి తాత కాళ్ళు చూసింది. కదులుతున్నాయి. చట్టం అమల్లో ఉందని చెప్పి, తను కూడా కూర్చుని వడ్డించమంది. భూపతికి వేరే దారి లేక కూర్చున్నాడు. పక్కనే గుమ్మడయ్య, అటుపక్క ముసలి దుప్పి.

"అధ్యక్షా, ఆ వంతెన సంగతి," అన్నాడు గుమ్మడయ్య.

భూపతి నాలుక పిడచకట్టుకుపోయింది. ఆయన కళ్ళు తాత చేతిలోని దొప్ప మీదే ఉన్నాయి. "ముందు ఆ దొప్ప రానివ్వవయ్యా," అన్నాడు దీనంగా. అప్పుడే దుప్పి దగ్గింది. తాత తల లోపలికి లాక్కున్నాడు.

నీతి: ప్రజలు తాగితే తూలేది ప్రజలే, తాగకపోతే తూలేది సభ.