చతుస్సరిహద్దుల మధ్య కింది మంచం

లోకంలో సొంత ఇంటికన్నా గొప్ప స్థిరాస్తి ఒకటుంది. లేబర్ క్యాంప్‌లో కింది మంచం! నవ్వకండి. సొంత ఇల్లు సెలవులో చూసుకునేది. మంచం మీదైతే రోజూ పడుకుంటాం. ఏది అసలు నివాసం, మీరే చెప్పండి?

అమెరికాలో తాము ఉంటున్న ఇంటిని ‘హోమ్‌స్టెడ్’ అని డిక్లేర్ చేసుకుంటారట. అప్పులవాళ్ళు దాని జోలికి రాలేరట. ఖతర్‌లో ఆయిల్ ఫులూస్‌తో, అదే డబ్బుతో, ఇన్ని టవర్లు కడుతున్న మనకు ఆ మాత్రం హక్కు ఉండొద్దా?

మా రూమ్‌లో లింబాద్రి ఉన్నాడు. తాపీ మేస్త్రీ, మోకాళ్ళు అరిగిపోయాయి. సెలవు మీద ఊరెళ్తున్నాడు. క్యాంప్ ఆచారం ప్రకారం, సెలవుకెళ్ళినవాడి కింది మంచం కొత్తవాడిది. తిరిగొచ్చినవాడు పై మంచం ఎక్కాల్సిందే. పరుపు మీద పెట్టె పెట్టి, అడ్డంగా లుంగీ కట్టి వెళ్ళినా, ‘యల్లా, కానియ్’ అంటూ తీసి పారేస్తారు!

"పైకెక్కుడు నాతోని కాదన్నా. జర గట్టిగ ఏదన్న రాసియ్యి" అన్నాడు నాతో. నేను స్టోర్ క్లర్కును. ఈ దేశంలో నన్ను లాయర్‌గా గుర్తించిన మొదటి మనిషి అతనే!

వెంటనే డిక్లరేషన్ మొదలుపెట్టాను. తూర్పున నేపాలీ బూట్లు, పడమర ఉమ్మడి బియ్యం బస్తా, ఉత్తరాన కారే ఏసీ, దక్షిణాన బాత్రూమ్‌కు రాజమార్గం. సాక్షి, పై మంచం రహమతుల్లా. వంశపారంపర్య హక్కు కూడా రాస్తుంటే లింబాద్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దన్నా! నా కొడుక్కు గీ మంచం వద్దు." కొట్టేశాను.

ఒక్క చిక్కొచ్చింది. హోమ్‌స్టెడ్ కావాలంటే, ఇదే తన ముఖ్య నివాసమని అతను ఒప్పుకోవాలి. ఊళ్ళో రెండంతస్తుల బిల్డింగ్ కట్టినవాడు ఆ మాట ఎలా అంటాడు? భార్య గంగామణికి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి, సిగ్గుపడుతూ విషయం చెప్పాడు.

"రాసుకో, అండ్ల తప్పేముంది?" అందామె తేలిగ్గా. "మన రూంల పిల్లలు సదువుకుంటున్నరు. నువ్వచ్చేవరకు చుట్టాల రూం సదిరి పెడుత. ఎప్పుడచ్చినా అండ్లనే పంటవు గదా."

లింబాద్రి ఫోన్ పెట్టేశాడు. తర్వాత నా చేతిలోంచి పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు.

ఇక ఆ మంచాన్ని అతని నుంచి ఎవరూ లాక్కోలేరు. అతన్ని ఆ మంచం నుంచి విడిపించే డిక్లరేషన్ ఏ దేశంలో రాసిస్తారో, తెలిసినవాళ్ళుంటే కాస్త చెప్పండి.