మొదటి పాఠకురాలు వచ్చిన వారం

జ్ఞానమంటే వైవిధ్యం, వైవిధ్యమంటే మా ఊరి విద్వత్ ప్రచురణల సంస్థ. రెండు గదులు, నలుగురు సిబ్బంది, నాలుగు వందల పన్నెండు పుస్తకాలు. ఒక విషయం మీద రెండో పుస్తకం వేయకూడదన్నది వారి మూలసూత్రం. అందుకే గ్రహణాల పక్కన గజ్జి, గజ్జి పక్కన వ్యాకరణం, దాని పక్కన వానపాముల జీవితం కొలువుదీరి ఉంటాయి. రాసినవాళ్ళందరికీ ప్రమోషన్లు వచ్చాయి, పుస్తకాలకు అటక దక్కింది. (పుస్తకాలు ఎందుకు పుడతాయో తెలియనివాళ్ళే దీన్ని తప్పుపడతారు.)

అలాంటి చోటికి ఒక సోమవారం పొద్దున పాఠకురాలు వచ్చింది. సంస్థ చరిత్రలో ఇదే మొదటిసారి. కోళ్ళు పెంచుకునే ఆవిడ. చేతిలో పుస్తకాల జాబితా, అందులో నూట ఎనిమిదో పుస్తకం కింద గోటితో గీసిన గీత.

"అయ్యా, ఈ కొక్కెర తెగులు పుస్తకం కావాలండి. మూడు వందల కోళ్ళున్నాయి. నిన్న పన్నెండు పోయాయి. మెడలు వాల్చేస్తున్నాయండి."

"పుస్తకం దేనికమ్మా?" అన్నారు సంచాలకులు.

"చదవడానికండి."

సంచాలకులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బహూకరణకు నియమాలున్నాయి, చెదలకు సైతం ఒక ఉత్తర్వుంది, చదవడానికి మాత్రం ఏమీ లేదు. అప్పటికప్పుడు పఠనానుమతి ఉపసంఘం ఏర్పడింది. దరఖాస్తులో మూడో గడి: 'మీరు చదవడం వల్ల పుస్తకానికి కలిగే ప్రయోజనం.'

మూల కూర్చుని అట్టలు కుట్టే తాత సూది ఆపాడు. "పుస్తకంతో ఏం పనమ్మా? బాగున్నవాటిని వేరే పెట్టి ఇవాళే టీకా వేయించు. పశువుల డాక్టరు ఈ వీధి చివరే ఉంటాడు. మా పిన్ని అలాగే సగం కోళ్ళని దక్కించుకుంది."

"తాతా, నువ్వు అట్ట వరకే చూసుకో" అన్నారు సంచాలకులు. ఆవిడ వైపు తిరిగి, "అంత చదువుకున్నవాళ్ళు పుస్తకమే రాశాక ఆ మాటా ఈ మాటా దేనికమ్మా? ముందు చదువు, ఆ తర్వాతే ఏదైనా చెయ్యి" అన్నారు.

ఆవిడ తాత వంకా జాబితా వంకా చూసింది. అచ్చులో ఉన్న మాట మీద మనవాళ్ళకుండే గౌరవం కొద్దీ దరఖాస్తు నింపింది. తాత తల కొట్టుకుని మళ్ళీ సూది అందుకున్నాడు.

అనుమతి శనివారం వచ్చింది. ఆవిడ అక్కడే బల్ల మీద కూర్చుని, వరస తప్పకుండా వేలు పెట్టుకుని చదివింది. మొదటి అధ్యాయం 'కోడి: నిర్వచన సమస్యలు'. రెండోది 'తెగులుపై పూర్వుల అభిప్రాయాలు'. మిగతా ఆరూ ఆ పూర్వులపై వారి పూర్వుల అభిప్రాయాలు. చికిత్స ఆఖరి పేజీలో ఒక్క వాక్యం: 'ఈ దిశగా మరింత పరిశోధన జరగవలసి ఉంది.'

"ఇంకెప్పుడు జరుగుతుందండీ?" అందావిడ. "పొద్దున చూస్తే తొమ్మిదే మిగిలాయి. ఆ తాత మాట వినుంటే బాగుండేది." అని పుస్తకం మూసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. (ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. దానికి దరఖాస్తులో గడి లేదు.)

సంచాలకులు నిజంగానే చలించారు. ఆ చలనంలోంచే నాలుగు వందల పదమూడో పుస్తకం పుట్టింది: 'ఖాళీ కోళ్ళగూడు: ఒక సమగ్ర పరిశీలన'. విషయం కొత్తది, ముగ్గురు రచయితలు, మూడు ప్రమోషన్లు. ఆవిడ గోడు అనుబంధంలో అరపేజీ వచ్చింది.

ఏడాది చివర నివేదికలో, ఎప్పుడూ గీత ఉండే 'పాఠకులు' గడిలో గుమాస్తా సంబరంగా 'ఒకటి' అని రాశాడు. సంచాలకులు ఎర్ర సిరాతో కొట్టేశారు.

"ఆవిడిప్పుడు పాఠకురాలు కాదయ్యా, పరిశోధనాంశం."