రెండు దేశాల పిట్టలు, ఒక్క ఉత్తరం

పర్యావరణాన్ని కాపాడేది చెట్లు కావు, అటవీ శాఖ కాదు, పిట్టలు అసలే కావు. రెండు దేశాలు కలిసి వేసుకునే కమిటీలు! కాదన్నవాళ్ళు నా ముందుకు రండి.

ఈ మాట అనే అర్హత నాకుంది. కజకిస్తాన్ వైపు నుంచి మన హైదరాబాదుకు చలికాలం గడపడానికి వచ్చే గులాబీ గోరింకలను, ఏ యంత్రం సాయమూ లేకుండా, ఒక్క సాయంత్రంలో ఆరువేల మూడువందల పన్నెండుగా లెక్క తేల్చిన మొనగాణ్ణి నేను. ఆ అంకె ఇవాళ రెండు దేశాల కంప్యూటర్లలో ఉంది. నా చదువంటారా? మా ఊరి బడిలో ఐదో తరగతి. అది కూడా పంతులుగారు బదిలీ సంతోషంలో అందరినీ పాస్ చేసిన ఏడు.

మా ఇల్లు ఫిల్మ్‌నగర్ వెనక బస్తీలో. పై వాటాలో మరియదాసు కుటుంబం కిరాయికి ఉంటుంది. అతని కూతురు స్టెఫీ ఈ గోరింకల మీదే పీహెచ్‌డీ చేస్తోంది. పిట్టలు అక్కడ పిల్లల్ని చేసి, ఇక్కడ చలికాలం గడుపుతాయి కాబట్టి అక్కడి యూనివర్సిటీ ఒకటీ ఇక్కడిది ఒకటీ కలిసి పెట్టుకున్న ప్రాజెక్టు, దాని మీద రెండు దేశాల పెద్దలతో ఒక కమిటీ. మా డాబా మీద నిలబడితే జూబ్లీహిల్స్ బండల మధ్య ఓ ఖాళీ ప్లాటు, అందులో పాతిక ముప్ఫై సుబాబుల్ చెట్లు కనిపిస్తాయి. పొద్దు వాలేవేళకు పిట్టలన్నీ వచ్చి వాటి మీదే వాలతాయి. మూడు చలికాలాలు వరసగా లెక్కపెడితేనే స్టెఫీకి పట్టా. రెండు గడిచాయి. మిగిలింది ఈ ఒక్కటే.

ఇలాంటి ప్రాజెక్టుల్లో మీటింగులెక్కువ, పని తక్కువ అని గొణిగేవాళ్ళున్నారు. కృతఘ్నులు!

ఈక సంగతే చూడండి. కిందటేడు స్టెఫీకి రాలిన ఈక ఒకటి దొరికింది. పరీక్ష కోసం అక్కడికి పంపాలి. ఈక సరిహద్దు దాటాలంటే ఊరికే అవుతుందా? ఇక్కడి అనుమతి, అక్కడి అనుమతి, ఈకకు రోగం లేదన్న సర్టిఫికెట్! పదకొండు నెలలుగా అది వాళ్ళ ఫ్రిజ్‌లో అల్లం వెల్లుల్లి ముద్ద పక్కన డబ్బాలో ఉంది. ఆ ఈక రాల్చిన పిట్ట ఈలోగా తక్కిన ఈకలన్నీ వేసుకుని అక్కడికి పోయి, సంసారం చేసి, తిరిగి వచ్చేసింది. పిట్టకు క్రమశిక్షణ లేదు. ఈకకు ఉంది. ఎవరు గొప్ప?

మీటింగులన్నారా? రెండు దేశాల గడియారాలకూ తేడా అరగంటే. ఆ అరగంట ముందుకు కలపాలో వెనక్కి తీయాలో తేలక నాలుగు మీటింగులు వాయిదా పడ్డాయి. ఐదోది జరిగింది. ఉత్తరాల మీద ఎవరి లోగో ఎడమవైపు ఉండాలన్నది అందులో చర్చించారు. రెండు గంటలు! ఆ రెండు గంటల్లో అంతమంది పెద్దలు కార్లు ఎక్కలేదు, పొగ వదల్లేదు. ఇది పర్యావరణానికి మేలు కాదా?

ఇంత చక్కగా సాగుతుండగా డిసెంబర్‌లో ప్లాటులోకి మిషన్ వచ్చింది. చెట్లు పీకి చదును చేసే మిషన్. వెంట జగదీశ్ అని బిల్డర్ గారి సూపర్‌వైజర్. స్టెఫీ పరుగెత్తింది. నేనూ వెనకాలే, నా మోకాళ్ళు ఒప్పుకున్నంత వేగంగా.

"మార్చి ఆఖరు దాకా ఆగండి సార్. ఇవి పోతే పిట్టలు వేరే చోటు చూసుకుంటాయి. నా మూడేళ్ళ పని పోతుంది" అంది.

జగదీశ్ చెడ్డవాడు కాదు. "నాదేముందమ్మా? మీ ఆఫీసోళ్ళ లెటర్ తెండి. మా సార్‌కు చూపిస్త. జనవరి దాకైతే ఆపుత" అన్నాడు.

ఒక్క ఉత్తరం! స్టెఫీ ఆ రాత్రికే కమిటీకి రాసింది. కమిటీ ఎంతో బాధ్యతగా, ఈ ఏటి లెక్క చూడనిదే ఉత్తరం ఇవ్వలేమంది. సరిగ్గా ఆ వారమే పిల్ల జ్వరంతో పడిపోయింది.

"తాతయ్యా, ఐదు రోజులు మీరు లెక్కపెట్టి రాయండి. పదులుగా గుంపు కట్టి చూస్తే చాలు" అని బైనాక్యులర్స్ నా మెడలో వేసింది.

ఇక్కడ నా గురించి చిన్న సంగతి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు కృష్ణానగర్ నుంచి షూటింగులకు జూనియర్ ఆర్టిస్టులను పంపినవాణ్ణి. జనాన్ని కంటిచూపుతో లెక్కకట్టడం నా వృత్తి. ఆ వృత్తిలో ఒక ఆచారం ఉంది. నూరుమంది వస్తే నూట యాభై అని రాయాలి. లేకపోతే మధ్యాహ్నం అన్నం పొట్లాలు చాలవు.

నేను లెక్కపెట్టింది నాలుగువేల రెండువందల ఎనిమిది. చెయ్యి రాసింది ఆరువేల మూడువందల పన్నెండు. పిట్టలకు పొట్లాలు ఎవరిస్తారన్న ఆలోచన ఆ క్షణంలో రాలేదు!

కమిటీ నుంచి జవాబు వెంటనే వచ్చింది. ఇంత త్వరగా రావడం అదే మొదలు. "కిందటేడు ఐదువేలు. ఈ ఏడు ఆరువేలు దాటాయి. పక్షుల సంఖ్య సంతోషకరంగా పెరుగుతున్నందున ఉత్తరం అవసరం లేదని భావిస్తున్నాం."

అసలు అంకె ఒప్పుకున్నాను. జ్వరం మంచం మీద నుంచే స్టెఫీ నా వైపు చూసింది.

"ఏంటండీ తాతయ్యా ఇది? తగ్గినవాటిని పెంచేశారా?"

"అలవాటు బిడ్డా. చెయ్యి ఆగలే."

"మీరు జనాన్ని పెంచుకోండి, ఎవడడిగాడు! పిట్టల్నెందుకండీ పెంచడం?" అని మరియదాసు గుమ్మంలోంచి అందుకున్నాడు. మామూలుగా నా మాటకు ఎదురు చెప్పని మనిషి.

పాపం పిల్ల సరైన అంకె రాసి పంపింది. అంకె మార్చడానికి సవరణ ఫారం ఉందట. దాని మీద రెండు దేశాల సంతకాలు కావాలట. జనవరి వచ్చేసింది. మిషన్ స్టార్టయింది.

తప్పు నాది. దిద్దాల్సింది నేను. కృష్ణానగర్‌లో నాకు తెలిసిన క్లాప్ బోర్డు ఒకటి, పెద్ద గొడుగు ఒకటి, ఏ సీనులోనైనా అడగ్గానే ఏడ్చే కొమురమ్మ ఒకతి, ముగ్గురినీ ఆటోలో వేసుకుని ప్లాటుకు పోయాను.

"ఏంది తాతా, షూటింగా?" అన్నాడు జగదీశ్.

"సగం అయింది. మా కొమురమ్మ గీ చెట్ల కింద కొడుకు కోసం ఏడుస్తది. మిగతా సగం మార్చిల తీస్తరు. గప్పటి దాక ఒక్క కొమ్మ కదిలినా కంటిన్యుటీ పోతది."

"మార్చి దాకా ఎందుకు?"

"కొడుకు వేషం హీరోది. గడ్డం పెరగాలె కదా!"

జగదీశ్ ముఖం గంభీరమైపోయింది. ఈ పేటలో పుట్టి పెరిగినవాడు. పిట్టలంటే తెలియకపోవచ్చు, కంటిన్యుటీ అంటే తెలియదా? నిన్నటి షాట్‌లో ఉన్న గుండీ ఇవాళ లేకపోతే కొంపలు మునిగే ఊరిది!

"గడ్డమంటే టైం పడతది. మా సార్‌కు నేను చెప్త, ఫికర్ చెయ్యకు" అని మిషన్ ఆపించాడు. తర్వాత మెల్లగా, "జర మన ప్లాటు కనబడుతదా?"

"ప్లాటేంది, నువ్వే కనబడుతవ్. గట్ల నడువు."

నాలుగుసార్లు నడిపించాను. ప్రతి వారం తల దువ్వుకుని వచ్చి మళ్ళీ నడిచాడు. చెట్లు ఉన్నాయి. పిట్టలు ఉన్నాయి. స్టెఫీ ప్రతి సాయంత్రం తనే లెక్కపెట్టుకుంది, నన్ను డాబా మెట్లెక్కనివ్వకుండా. మార్చి ఆఖరుకు మూడో చలికాలం పూర్తయింది.

ఏప్రిల్ పదహారున, పిట్టలన్నీ వెళ్ళిపోయాక, కమిటీ ఉత్తరం వచ్చింది. ఎడమవైపు ఒక లోగో, కుడివైపు ఒక లోగో, రెండూ తూకం వేసినట్టు. "పక్షులు ఉన్నంతకాలం చెట్లను తొలగించవద్దని కోరుతున్నాం."

చూశారా కమిటీల గొప్పతనం? నిజం చెప్పిన పిల్ల నాలుగు నెలల్లో ఆపలేని మిషన్‌ను, అబద్ధం చెప్పిన ముసలాడు పది నిమిషాల్లో ఆపాడు. ఇలాంటి దేశంలో, క్షమించాలి, రెండు దేశాల్లో, అబద్ధాలు నేర్చుకోకుండా పీహెచ్‌డీలు చేయనిస్తున్నారేమిటి?

నా కథల్లో ఎంత పాలు నిజమని మీరు ఎలాగూ అడుగుతారు. ఫ్రిజ్‌లో ఈక నిజం. అరగంట తేడా నిజం. కొమురమ్మ ఏడుపూ, హీరో గడ్డమూ, జగదీశ్ నడకా అన్నీ నిజం. కావాలంటే ప్లాటుకు పోయి అడగండి.

ఒక్కటి మాత్రం నేను కల్పించాను. ఆ ఉత్తరం. అది ఇంకా రాలేదు.