318వ గది అట్టపెట్టెలు, వాటి యజమాని

నాచారం పారిశ్రామికవాడలో ఉన్న ‘దాపరికం’ సెల్ఫ్ స్టోరేజీలో మూడు నెలలకోసారి గదిలోని సామాన్లనీ, ఆ సామాన్ల యజమానినీ పక్కపక్కన పెట్టి లెక్కచూసి, దేని వాడకం తక్కువుంటే దాన్ని రీసైక్లింగ్‌కి పంపిస్తారు కాబట్టి, ఈ మంగళవారం 318వ గది నుంచి వెళ్లాల్సింది పదకొండు అట్టపెట్టెలు కాదు, వాటిని దాచుకున్న కందాళ ముకుంద్ అని తేలింది.

ముకుంద్‌కి నలభై తొమ్మిదేళ్లు. ఎనిమిది నెలల క్రితం దాకా ఒక పంపుసెట్ల కంపెనీలో నాణ్యతా విభాగం చూసేవాడు, తర్వాత కంపెనీ ఆ విభాగాన్నే తీసేసింది. ఆయన దాచిన పదకొండు పెట్టెల్లోనూ ఏమీ లేదు. ఫ్రిజ్‌దీ, వాషింగ్ మెషిన్‌దీ, టీవీదీ, మిక్సీదీ, చివరికి గోడ గడియారానిదీ, అన్నీ ఖాళీ పెట్టెలు, లోపల థర్మకోల్ ముక్క చెక్కుచెదరలేదు. పారేద్దామని భార్య ప్రసూన అన్నప్పుడల్లా “ఉండనీవోయ్, షిఫ్టింగప్పుడు పనికొస్తాయి” అనేవాడు. పందొమ్మిదేళ్లుగా ఉంటున్నది సొంత ఫ్లాటే. అటక నిండిపోయాక ఈ గది అద్దెకు తీసుకున్నాడు. ఇందులో వింతేమీ లేదు. ఆ మూడో అంతస్తులోనే మరో పద్నాలుగు గదుల్లో ఖాళీ పెట్టెలు తప్ప ఇంకేం లేవు.

ఫోన్‌కి మెసేజ్ రాగానే తన పెట్టెల్ని తుక్కు చేసేస్తున్నారనుకుని ముకుంద్ ఆటో ఎక్కి పరిగెత్తుకొచ్చాడు. హరిత విభాగం అధికారి మల్లీశ్వరి కుర్చీ చూపించింది.

“అట్టపెట్టెలకేం గాలేదు సార్, మంచిగున్నయ్. మీదే జర తక్కువొచ్చింది.”

“నాదా? ఏం తక్కువొచ్చిందండీ?”

“వాడకం.”

ట్రాలీ నడిపే యాదగిరి స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చిచ్చాడు. అక్కడ పేపర్ కప్పులు నిషేధం.

మల్లీశ్వరి రిజిస్టర్ తిప్పి చదివింది. ఊరికే పడున్న పెట్టెల్ని అవసరమైన వాళ్లకి అరువిచ్చే పథకం ఉంది, ఒప్పందంలో ఆయనే సంతకం పెట్టాడు. ఈ మూడు నెలల్లో టీవీ పెట్టె రెండు ఇళ్లు మారింది. మిక్సీ పెట్టెలో ఒక పిల్లి ఈనింది, తల్లీ పిల్లలూ క్షేమం. వాషింగ్ మెషిన్ పెట్టెకి కిటికీలు కోసి పుట్టినరోజు పిల్లలు ఇల్లు చేసుకున్నారు, తర్వాత టేపు వేసి భద్రంగా తిరిగిచ్చారు. మొత్తం ముప్పై ఒక్క వాడకాలు. ముకుంద్ పేరు ఎదురుగా ఉన్న గడిలో గీత మాత్రమే ఉంది.

“వాచీ తీసి ఇటియ్యుండ్రి సార్. బ్యాటరీ ఉంటది, విడిగ పంపాలె. కళ్లద్దాలు గాజు డబ్బాల పడ్తయ్. బెల్టు తోలేనా, రెగ్జినా?”

“అమ్మా, నేను మనిషినమ్మా!”

“తెలుసు సార్. అందుకే ఫారం తొమ్మిది ఉన్నది. గడిచిన తొంభై రోజులల్ల మిమ్మల్ని వాడుకున్నోళ్లు ఇద్దరు సంతకం పెడితే చాలు, ఇంటికి పోవచ్చు. అయిదింటి దాకా టైముంది. పరేషాన్ గాకుండ్రి.”

ఇద్దరంటే ఎంత, అనుకున్నాడు ముకుంద్. వాచీ అప్పటికే ట్రేలో ఉంది కాబట్టి గోడ మీద చూశాడు. రెండూ పది. ఫోన్‌లో స్పీకర్ నొక్కాడు, స్పీకర్ మీద ఒప్పుకున్నా సంతకం కిందే లెక్కని ఫారంలో ఉంది.

ముందు అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి చలపతిరావు. ఆయన మర్యాదస్తుడు. “మీటింగ్‌కి వచ్చారండీ, కాదన్ను. మూడు గంటలు కదలకుండా కూర్చున్నారు కూడా. ఆఖర్న చెయ్యెత్తారు. కాకపోతే అప్పటికి తీర్మానం అయిపోయింది కదండీ.” మల్లీశ్వరి అది రాసుకుంది, కుర్చీ వాడకం కింద.

పాత ఆఫీసులో సంపత్‌కి చేస్తే నవ్వాడు. “అన్నా, నువ్వు రాసిన నాణ్యత పుస్తకం ఇంకా నా టేబుల్ మీదనే ఉన్నది. రోజూ వాడ్త.” ముకుంద్ లేచి నిలబడ్డాడు. “ఎలా వాడతావు?” “టేబుల్ ఒక కాలు పొట్టిగున్నది గదా అన్నా.” అది పుస్తకం ఖాతాలోకి వెళ్లింది.

తర్వాత కూతురు హంసిని. “నాన్నా, కరెక్ట్ టైముకి ఫోన్ చేశావ్! ఓటీపీ వచ్చిందా?”

“తల్లీ, నువ్వు నన్ను వాడుకుంటావు కదా? ఈ ఆఫీసులో చెప్పాలి.”

“ఏం మాటలు నాన్నా అవి? అబ్బా, ముందు ఓటీపీ చెప్పు, టైమైపోతోంది!”

ఆరంకెలూ చదివి వినిపించాడు. అవతల ఫోన్ పెట్టేశారు. ముకుంద్ మల్లీశ్వరి వైపు గెలిచినవాడిలా చూశాడు.

“అది ఫోన్ వాడకం సార్. ఫోన్‌ది ఈ-వేస్టు రిజిస్టరు. దానికి మస్తున్నయ్, రెండు వందల పద్నాలుగు.”

ముకుంద్ ఫోన్ చేస్తే నాలుగూ నలభైకి ప్రసూన వచ్చింది. హైస్కూల్లో లెక్కల టీచరు, పరీక్ష పేపర్లో అర మార్కు కూడా ఊరికే వేసే మనిషి కాదు. సంగతంతా విని గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది, చేతిలో హ్యాండ్‌బ్యాగ్ జారి పడిపోయినా చూసుకోలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని ఫారం రెండుసార్లు చదివింది. తర్వాత కళ్లు మూసుకుని నిజంగానే ఆలోచించింది.

“పై అరలోంచి ఆవకాయ జాడీ దించుతారు.”

“ఎప్పుడు మేడం?”

“ఏప్రిల్లో.”

“ఇది నవంబరు మేడం. ఇప్పుడు ఎవరు దించుతుండ్రు?”

“స్టూల్ కొన్నాం.”

ఆ స్టూల్ తెప్పించింది ముకుందే. దాని పెట్టె ఇదే గదిలో పదకొండోది.

“ప్రసూనా, ఇరవై మూడేళ్లు కాపురం చేశాం. ఓ సంతకం పెట్టెయ్యవే. ఎవరడుగుతారు?”

“అబద్ధం సంతకం ఎలా పెడతానండీ? గది ఇక నా పేరు మీదికొస్తుంది, వచ్చే మూడు నెలలకి నాదీ చూస్తారు.” కలానికి మూత పెట్టేసింది. “అసలు అక్కడ ఏం చేస్తారమ్మా?”

“నానబెట్టి, గుజ్జు జేసి, మళ్ల అట్టనే జేస్తరు మేడం. కొత్త పెట్టెలు. మంచి గట్టిగుంటయ్.”

యాదగిరి ప్రసూనకీ ఒక గ్లాసు నీళ్లు తెచ్చాడు. గడియారం నాలుగూ యాభై రెండు చూపిస్తోంది. ముకుంద్ కళ్లద్దాలు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

“పారెయ్యకుండా ఉంచుకునే దారి ఏదీ లేదా?” అంది ప్రసూన.

ఉంది. కంపెనీ ప్యాకింగ్‌లో ఉన్న వస్తువు వాడకపోయినా చెత్త కాదు, నిల్వ కిందికి వస్తుంది, ఎన్నాళ్లైనా ఉంచుకోవచ్చు. ముకుంద్‌కి సొంత ప్యాకింగ్ లేదు కానీ వేరే వస్తువుది సరిపోతే నియమం అడ్డు చెప్పదు. యాదగిరి టేపు పెట్టి కొలిచాడు. ముకుంద్ అయిదడుగుల ఆరంగుళాలు, ఫ్రిజ్ పెట్టె అయిదడుగుల ఎనిమిది. పదకొండు పెట్టెల్లో ఎవరూ అరువు తీసుకెళ్లనిది అదొక్కటే.

నాలుగూ యాభై ఏడుకి ఆయన్ని పెట్టెలో నిలబెట్టారు. ప్రసూన మెడ వెనక ఒక థర్మకోల్ ముక్క, మోకాళ్ల దగ్గర రెండు దోపింది, కాలర్ ఒత్తుకుంటోందేమో అని చొక్కా గుండీ తీసింది. పెట్టె మీద బాణం పైకే ఉందో లేదో ముకుందే అడిగి తెలుసుకున్నాడు.

“ఉండనీండమ్మా,” అంది ప్రసూన మల్లీశ్వరితో, నిల్వ కాగితం మీద సంతకం పెడుతూ. “ఎప్పుడైనా షిఫ్టింగప్పుడు పనికొస్తారు.”

పందొమ్మిదేళ్లు తను అన్న మాటే. అది వినడానికి ఇంత హాయిగా ఉంటుందని ముకుంద్‌కి ఇప్పటిదాకా తెలీదు.

బయటికెళ్తుంటే ప్రసూనకి స్కూల్ నుంచి ఫోనొచ్చింది. రేపు ఇంకో టీచర్ రావట్లేదు, రెండు పీరియడ్లు ఎక్కువ తీసుకోవాలట. “తీసుకుంటా, మూడైనా తీసుకుంటా!” అని మల్లీశ్వరికి వినపడేంత గట్టిగా అంది. మల్లీశ్వరి రాసుకుంది. మల్లీశ్వరి కూడా రెండేళ్లుగా ఒక్క సెలవు పెట్టలేదు, కారణం ఎవరూ అడగలేదు.

318కి షట్టర్ పడింది. ముకుంద్ చీకట్లో నిలబడ్డాడు. కాసేపటికి పక్క గది గోడ అవతల నుంచి ఎవరో మెల్లగా దగ్గారు.

“కొత్తగా వచ్చారాండీ? దేని పెట్టె?”

“ఫ్రిజ్‌దండీ. డబల్ డోర్.”

“అదృష్టవంతులు సార్,” అన్నాడాయన. “నాది మైక్రోవేవ్‌ది.”

ముకుంద్ ఉన్న జాగాలోనే కాళ్లు కాస్త ఎడం చేసుకుని నిలబడ్డాడు.