విన్నట్టు సంతకం

నాశనం ఎవరికైనా రావచ్చు. సక్రమమైన కాగితాలతో ఎదురుచూడటం మాత్రం నాగరిక నగరాలకే చెల్లుతుంది.

హెబ్రీ ప్రవక్తల కాలం నుంచీ అమల్లో ఉన్న నియమం ఒకటుంది. జనం దేవుడి మీద తిరగబడితే శత్రువు కత్తి వస్తుంది. గోడ మీది కావలివాడు ముందే బాకా ఊదాలి. ఊదినా జనం మారకపోతే ఆ చావుకు వాళ్లదే బాధ్యత. ఊదకపోతే కావలివాడిది. (ఊదినట్టు రుజువేమిటో నియమంలో లేదు. నియమాలు రాసేవాళ్లు గోడలెక్కరు.)

మా కావలివాడు పదకొండేళ్లుగా రోజూ ఊదుతున్నాడు. తప్పుడు తూకాలు మానమని, వితంతువుల పొలాలు వదలమని ప్రవక్త ఏటా చెప్పి వెళ్తున్నాడు. ఈసారి గడువు కూడా పెట్టాడు: నెలాఖరు. ఆ రోజు తనిఖీకి వస్తానన్నాడు.

కావలివాడికి గుబులు పట్టుకుంది. తీరా అప్పుడు అందరూ 'మాకు బాకా వినపడలేదు' అంటే పోయేది తన మెడ. వెంటనే ఒక రిజిస్టరు కుట్టాడు.

"ముందు చెవుల్లో దూది తియ్యి," అంది భార్య. "మన ఉల్లి మడి ఎవరి పొలంలో ఉందో గుర్తుందా?"

"ఊరి పని అయ్యాక ఇంటి పని," అని బయల్దేరాడు.

మొదట ధాన్యం వర్తకుడు.

"బాకా విన్నారా?"

"వినకేం, రోజూ మధ్యాహ్నం నిద్ర పాడవుతోంది."

"అయితే సంతకం పెట్టండి."

"పెడితే?"

"విన్నా మారలేదని తేలుతుంది."

"పెట్టకపోతే?"

"నా మెడ పోతుంది."

వర్తకుడు నిజంగానే నొచ్చుకున్నాడు. "మంచివాడివయ్యా నువ్వు," అని కలం తిరిగి ఇచ్చేశాడు.

నాలుగు వీధులు తిరిగినా ఒక్క సంతకం పడలేదు. అయిదో వీధి మలుపులో కావలివాడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రిజిస్టరులో కొత్త గడి గీశాడు: 'విన్నాను. మారే విషయం పరిశీలనలో ఉంది.'

సాయంత్రానికి అతని గుమ్మం ముందు క్యూ కట్టారు. వర్తకుడు కుటుంబ సమేతంగా వచ్చాడు. నగర సభ ఉత్సాహంగా పశ్చాత్తాప పరిశీలక సంఘాన్ని నియమించింది. (మొదటి సమావేశం వచ్చే నెలలో.)

క్యూ చివర ఒక వితంతువు నిలబడింది.

"నా పొలం ఎప్పుడిస్తావు నాయనా?"

"పరిశీలనలో ఉంది పెద్దమ్మా. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

నెలాఖరున ప్రవక్త గోడెక్కాడు. దూరాన దుమ్ము లేస్తోంది. ఆయన రిజిస్టరు మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు.

"అందరూ విన్నారన్నమాట."

"ఒక్కరూ తప్పలేదండీ," అన్నాడు కావలివాడు గర్వంగా.

"నీ పేరు కనిపించదేం? నువ్వు వినలేదా?"

"నేనెలా వింటానండీ? ఊదేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకుంటాను."