పది వేళ్ళ అర్హత

అయితే తను లేడన్నమాట. ఇన్నాళ్ళూ ఉత్త అనుమానం. ఇప్పుడు రాష్ట్ర ముద్రతో కాగితమే వచ్చింది. ఓరెన్ టిబ్స్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ ఉత్తరాన్ని మూడోసారి చదివాడు. "మీరు సమర్పించిన పది వేళ్ళూ రెండు పర్యాయములు పరిశీలించబడినవి. వాటియందు ఏ వ్యక్తీ కనుగొనబడలేదు. కావున మీ లైసెన్సు పునరుద్ధరణ నిలిపివేయడమైనది." అడుగున వేరే అక్షరాల్లో: "మీకు శుభదినం."

అతనికి కోపం రాలేదు. అదే కాస్త భయపెట్టింది. కోపం రావడానికి ముందు ఒక మనిషంటూ ఉండాలి కదా.

ఓరెన్ ఇరవై రెండేళ్ళుగా ఒక బీమా కంపెనీలో అడ్జస్టరు. వడగళ్ళు పడ్డాక ఇళ్ళ కప్పులెక్కి, ఏది దెబ్బో ఏది ముసలితనమో చూసి రాసే మనిషి. అతనుండే మైదానాల్లో ఏటా ఏప్రిల్లో గోల్ఫ్ బంతులంత వడగళ్ళు పడతాయి. కప్పులన్నీ గరుకు ఇసుక అంటించిన తారు పలకలవి. వడగల్లు తగిలినచోట కంటికేమీ కనపడదు. వేలితో నొక్కాలి. దెబ్బతిన్న ఆపిల్ పండులా అక్కడ మెత్తగా దిగుతుంది. ఓరెన్ చూపుడు వేలు ఆ మెత్తదనాన్ని వెంటనే పట్టేది. పట్టినచోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల కప్పులు తడిమాడో, ఆ గరుకు అతని వేళ్ళ మీది గీతలన్నిటినీ నున్నగా తినేసింది. పని అంతగా వచ్చినవాడికి వేలిముద్రలు మిగలవు. వేలిముద్రలు మిగలనివాడికి ఆ పని చేసే అర్హత లేదు. ఈ రెండు వాక్యాల మధ్య తప్పెక్కడుందో కనిపెట్టడానికి రాష్ట్రం ఒక ఉపసంఘాన్ని వేసింది. ఉపసంఘ సభ్యుల వేలిముద్రలు ఇంకా పరిశీలనలో ఉన్నాయి.

ఆ రాష్ట్రం పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెప్పడానికి ఏ లైసెన్సు కావాలో తెలియలేదు.

మిగతా అర్హతలన్నీ అతనికి ఉన్నాయి. నలభై గంటల చదువు, నూట యాభై ప్రశ్నల పరీక్ష, నీతి మీద మూడు గంటల పాఠం అన్నీ పూర్తిచేశాడు. పరీక్షలో కప్పు గురించి ఒకే ప్రశ్న వచ్చింది: కప్పు పోయినవారికి ఎన్ని రోజుల్లోగా ఉత్తరం రాయవలెను? నీతిపాఠం కంప్యూటరు తెర మీద నడిచింది. పది నిమిషాలకోసారి పాఠం ఆగి, "మీరు ఉన్నారా?" అని అడిగేది. "ఉన్నాను" అని నొక్కితేనే నీతి ముందుకు సాగేది. ఒంటరివాడైన ఓరెన్‌కి ఆ ప్రశ్న మీద ఒకరకమైన మమకారం కూడా పుట్టింది. ఈ మధ్య అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు.

వేలిముద్రలు తీసే కేంద్రం ఊళ్ళో పార్సెళ్ళు కట్టే కొట్టు వెనక గదిలో ఉంది. అక్కడి గుమస్తా నదీన్ అతని చేతిని తిరగేసి చూసి జాలిపడింది.

"ఇవి వేళ్ళా, సబ్బుబిళ్ళలా? ఒక పని చెయ్యండి సార్. మూడు వారాలు ఏ పనీ చెయ్యకండి. కొబ్బరి లేపనం పూసుకుని, మెత్తటి చేతితొడుగులు తొడుక్కుని కూచోండి. గీతలు మళ్ళీ మొలుస్తాయి."

"ఏ పనీ చెయ్యకపోతే పని చేసే అర్హత వస్తుందా?"

"రాష్ట్రంలో అందరికీ అలాగే వస్తోంది సార్. మీకేమన్నా ప్రత్యేకమా?"

నిజమే. అతని చెల్లెలి కొడుకు ట్రెంట్ మొన్నటిదాకా పరుపులు అమ్మాడు. నాలుగు రోజుల్లో లైసెన్సు తెచ్చుకున్నాడు. అతని వేళ్ళు పటం కట్టించి గోడకు తగిలించుకునేంత స్పష్టంగా ఉన్నాయట. బీమా కమిషనరు గారు ఊరి సభలో అటువంటి నాలుగు వందల మంది యువకులను నిలబెట్టి ఇలా సెలవిచ్చారు: "ప్రజలారా! మీ ఇంటి కప్పు మీద ఒక్క అనర్హుడి చెయ్యి కూడా పడలేదని గర్వంగా ప్రకటిస్తున్నాను!" ఎవరి చెయ్యీ పడలేదన్నది నిజమే గనక అందరూ చప్పట్లు కొట్టారు. ఓరెన్ కొట్టలేదు. చేతులకు లేపనం ఉంది.

ఆ వారమే ట్రెంట్ పక్కింటికొచ్చాడు. అది వెల్డా గోయెన్ ఇల్లు. బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు వండి రిటైరైన డెబ్భై ఎనిమిదేళ్ళ ఆవిడ. వడగళ్ళ తర్వాత రెండు వానలకే ఆవిడ పొయ్యి మీద నీళ్ళు కారడం మొదలైంది. ట్రెంట్ వాకిట్లో నిలబడి, మెడ ఎత్తి, "నేల మీదినుంచి నష్టం కనబడలేదు" అని రాసుకుని వెళ్ళిపోబోయాడు. కంచె దగ్గరున్న ఓరెన్ ఆగలేకపోయాడు.

"పైకెక్కి వేలితో ఒక్కసారి నొక్కి చూడరా."

"మామయ్యా, గీతలు అరిగిపోతే మళ్ళీ ఎవడిస్తాడు?" అన్నాడు ట్రెంట్. "అయినా లైసెన్సు లేకుండా నష్టం గురించి మాట్లాడకూడదు నువ్వు. నేను విననట్టే వెళ్తున్నా, మర్యాదకి."

వాడన్నది చట్టమే. లైసెన్సు లేనివాడు ఇతరుల ఇంటి నష్టాన్ని గూర్చి మాటచే గాని, సైగచే గాని, నిట్టూర్పుచే గాని అభిప్రాయం తెలుపరాదు.

వెల్డా రెండోసారి చూడమని కంపెనీకి అర్జీ పెట్టింది. రెండో చూపే చివరి చూపు. అప్పుడూ "కనబడలేదు" అంటే ఇక ఆ కప్పు కింద ఆవిడా, ఆవిడ బకెట్లూ ఉండాల్సిందే. రోజూ కంచె దగ్గరకొచ్చి అడిగేది.

"ఒరే అబ్బాయ్, నీకు తెలుసుగా. పోయిందా, లేదా?"

"ఇవాళ గాలి ఎక్కువగా ఉందండీ, వెల్డా గారూ."

"గాలి సంగతి నన్నడుగు చెప్తాను. కప్పు సంగతి చెప్పరా."

ఓరెన్ నిట్టూర్చబోయి, ఆపుకుని, ఇంట్లోకెళ్ళేవాడు.

మూడు వారాలు తెల్ల చేతితొడుగులతో కూర్చున్నాడు. మనసు మాత్రం కూర్చోలేదు. అంగట్లో ఆపిల్ పళ్ళు చూసినా చూపుడు వేలు దానంతటదే లేచేది. దాన్ని మరో చేత్తో పట్టుకునేవాడు. తనలో పని తెలిసిన మనిషి ఒకడు, ఊరికే ఉన్న మనిషి ఒకడు. రాష్ట్రానికి రెండోవాడే కావాలి. మొదటివాడు ఎక్కడుండేవాడు? తలలోనా, ఆ వేలి కొసలోనా? అద్దంలో చూసుకుంటే జవాబు రాలేదు. వేళ్ళ మీద మాత్రం, పదిహేనో రోజున, సన్నని గీతలొచ్చాయి.

ఈసారి పది వేళ్ళలోనూ వ్యక్తి దొరికాడు. లైసెన్సు వచ్చింది. దానికి ఒక సూచన జతపరిచారు: "ఈ వేళ్ళను రాబోవు పునరుద్ధరణ వరకు భద్రముగా ఉంచుకొనగలరు." కంపెనీ అప్పగించిన మొదటి పని, వెల్డా ఇంటి రెండో చూపు.

నిచ్చెన వేసుకుని ఎక్కాడు. చేతితొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. చూపుడు వేలు తారు పలక మీద ఆనించి నొక్కాడు. ఏమీ తెలియలేదు. పక్కన నొక్కాడు. గరుకు గుచ్చుకుంది, అంతే. ఎవరో పరాయివాడి చేత్తో తడుముతున్నట్టుంది. ఇన్నాళ్ళకు తను ఉన్నాడని రుజువైంది. ఆ ఉన్నవాడికి ఏమీ రాదు.

కంపెనీ ఇచ్చిన టాబ్లెట్ తెర మీద "నష్టం కనబడలేదు" అన్న గడిలో టిక్కు ముందే పెట్టి ఉంది. కింద సంతకం చేస్తే చాలు. అబద్ధం కూడా కాదు. నిజంగానే కనబడలేదు.

కింద వాకిట్లో వెల్డా కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఏరా, ఇప్పుడన్నా చెప్తావా? కాగితం వచ్చిందన్నావుగా!"

"కాగితం వచ్చిందండీ. చెప్పే అర్హత ఇంకా రాలేదు. కాస్త ఆగండి."

ఓరెన్ కంపెనీ టాబ్లెట్‌ను పక్కన బోర్లా పెట్టాడు. మోకాళ్ళ మీద వంగి, కొత్తగా మొలిచిన చూపుడు వేలిని ఆ గరుకు మీద అదిమి, కత్తికి పదును పెడుతున్నట్టు, ముందుకీ వెనక్కీ రుద్దడం మొదలుపెట్టాడు.